మీ ఊరి కాలుష్యం మీద గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లడం ఎలా?

ఊరి చెరువులోకి ఫ్యాక్టరీ నీళ్లు వదులుతున్నారు. లేదంటే క్వారీ పేలుళ్లకు ఇళ్ల గోడలు బీటలు వారుతున్నాయి. లేదంటే ఏట్లో పొక్లెయిన్లు దించి ఇసుక తోడేస్తుంటే ఒడ్డున బోర్లు ఎండిపోతున్నాయి. సోమవారం గ్రీవెన్సులో కలెక్టరు చేతికే అర్జీ ఇచ్చారు. పొల్యూషన్ బోర్డు వాళ్లు ఒకసారి వచ్చి చూసి వెళ్లారు. ఆ తర్వాత ఏమీ కదల్లేదు. ఇలాంటప్పుడు తట్టాల్సిన తలుపు జాతీయ హరిత ట్రిబ్యునల్. అందరూ ఎన్జీటీ అంటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ దాని దక్షిణ మండల బెంచి పరిధిలోకి వస్తాయి. ఆ బెంచి చెన్నై చేపాక్‌లోని కలస్ మహల్‌లో ఉంది.

ఈ కోర్టు పుట్టుకలో మన పాత్ర ఉందని చాలామందికి తెలియదు. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జంట జలాశయాలకు దగ్గరలో ఒక నూనె పరిశ్రమ పెట్టడం మీద నడిచిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి అందులో కక్షిదారు. సైన్సు తెలిసినవాళ్లు పక్కన లేకుండా ఇలాంటివి తేల్చడం న్యాయమూర్తులకు కష్టమనీ, నిపుణులు కూడా కూర్చునే పర్యావరణ న్యాయస్థానాలు కావాలనీ 1999లో ఆ తీర్పు చెప్పింది. అది రాసిన జస్టిస్ ఎం. జగన్నాథరావే తర్వాత లా కమిషన్ ఛైర్మన్‌గా 2003లో 186వ నివేదికలో అలాంటి కోర్టులు పెట్టాలని సిఫార్సు చేశారు. చట్టం 2010లో వచ్చింది. అందుకే ఈ బెంచి మీద న్యాయ సభ్యుడి పక్కన పర్యావరణ నిపుణుడు కూర్చుంటారు. పిటిషన్ రాసేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. మీ కాగితాన్ని లాయరు కన్ను ఒకటి, సైంటిస్టు కన్ను ఒకటి చదువుతాయి.

మీ గొడవ ఆ కోర్టుదేనా, ముందు తేల్చుకోండి

పర్యావరణం పేరుతో వచ్చే ప్రతి గొడవనూ ట్రిబ్యునల్ వినదు. 2010 చట్టం మొదటి షెడ్యూలులో ఏడు చట్టాలు ఉన్నాయి: నీటి కాలుష్యం (1974), నీటి సెస్సు (1977; 2017లో రద్దయింది), అటవీ సంరక్షణ (1980), వాయు కాలుష్యం (1981), పర్యావరణ పరిరక్షణ (1986), ప్రజా బాధ్యత బీమా (1991), జీవవైవిధ్యం (2002). మీ సమస్య వీటిలో ఏదో ఒకదాని అమలుకు సంబంధించినదై ఉండాలి. ఎక్కువ కేసులు 1986 చట్టం కింద నిలబడతాయి. పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్, తీరప్రాంత నియంత్రణ, చిత్తడి నేలలు, శబ్ద కాలుష్యం, చెత్త నిర్వహణ నిబంధనలన్నీ దాని నుంచి వచ్చినవే.

షెడ్యూలులో లేనివి కూడా తెలిసి ఉండాలి. 1972 వన్యప్రాణి చట్టం, 1927 అటవీ చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం, నీరు, భూమి, చెట్ల రక్షణకు మన రాష్ట్రాల్లో ఉన్న వాల్టా చట్టం అందులో లేవు. పోడు పట్టా గొడవ పట్టుకుని చెన్నై వెళ్తే తిప్పి పంపుతారు.

ప్లానింగ్ తగాదాల దగ్గర జనం ఎక్కువగా తడబడతారు. పక్కింటాయన సెట్‌బ్యాక్ వదల్లేదు, లేఅవుట్‌లో పార్కు స్థలం అమ్మేశారు, ప్లాన్‌లో లేని అంతస్తు వేశారు అనేవి మున్సిపాలిటీ, హైకోర్టు చూసుకునే సంగతులు. అదే కట్టడం చెరువు ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే మేరలో, లేస్తుంటే, లేదా 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణాన్ని పర్యావరణ అనుమతి లేకుండా మొదలుపెడితే, అప్పుడది ట్రిబ్యునల్ కేసు. కాబట్టి 'అక్రమ కట్టడం' అని రాసి ఊరుకోకండి. ఆ కట్టడం ఏ నీటిని అడ్డుకుంటోందో, ఏ అనుమతి లేదో రాయండి.

ఇంకో హద్దు ఉంది. ట్రిబ్యునల్ ఉన్న నిబంధనను అమలు చేయించగలదే గానీ దాన్ని మార్చలేదు. బెంగళూరు చెరువుల చుట్టూ 75 మీటర్ల బఫర్, అంటే ఖాళీ స్థలం, వదలాలని ఎన్జీటీ ఇచ్చిన ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2019 మార్చిలో కొట్టేసింది, మాస్టర్ ప్లాన్‌లోని దూరాన్ని ట్రిబ్యునల్ పెంచలేదని. మీ చెరువుకు నిబంధన ప్రకారం 30 మీటర్లు ఉంటే ఆ 30 మీటర్లు ఖాళీ చేయించమని అడగండి. వంద కావాలని అడిగితే అసలుకే మోసం వస్తుంది.

తేదీ దాటితే తలుపు మూసుకుంటుంది

కాగితాలు, లాయరు, చందాలు అన్నీ తర్వాత. ఈ రోజే ఒక నోటు పుస్తకం తీసి తేదీలు రాయండి. ఎంతో బలమున్న కేసులు కూడా ఇక్కడే పోతాయి, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

గడువులు మూడు రకాలు. ప్రభుత్వం ఇచ్చిన ఒక ఉత్తర్వును, ముఖ్యంగా పర్యావరణ అనుమతిని, సవాలు చేయడం అప్పీలు. అది సెక్షన్ 16 కింద 30 రోజుల్లో వేయాలి. సరైన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు. మొత్తం 90 రోజులు దాటాక ఎంత న్యాయం ఉన్నా ట్రిబ్యునల్‌కు మన్నించే అధికారమే లేదు.

కాలుష్యం, ఉల్లంఘన లాంటి వివాదాన్ని తేల్చమని అడగడం సెక్షన్ 14. దానికి వివాదానికి కారణం మొదటిసారి తలెత్తిన రోజు నుంచి ఆరు నెలలు, ఆపైన 60 రోజుల మన్నింపు. ఆ 'మొదటిసారి' అన్న మాట దగ్గర ఎదుటి పక్షం లాయరు మిమ్మల్ని పట్టుకుంటాడు. 'ఎన్నో ఏళ్లుగా మా ఊరు నాశనమవుతోంది' అని ఆవేశంగా మీరే రాసిన వాక్యాన్ని చూపించి, ఆరు నెలలు ఎప్పుడో దాటాయని వాదిస్తాడు. పాత చరిత్ర చెప్పండి, కానీ దానితోపాటు ఈ ఆరు నెలల్లో కొత్తగా ఏం జరిగిందో విడిగా, తేదీతో రాయండి: కొత్త గొట్టం వేశారు, అనుమతి గడువు ముగిసినా నడుపుతున్నారు, ఫలానా రోజు చేపలు చచ్చి తేలాయి.

నష్టపరిహారం, పాడైన నేలనూ నీటినీ బాగుచేయించడం సెక్షన్ 15. దీనికి ఐదేళ్లు, ఆపైన 60 రోజులు.

అప్పీలు గడువు ఎప్పుడు మొదలవుతుందో కూడా చూసుకోవాలి. పర్యావరణ అనుమతి వచ్చాక కంపెనీ దాన్ని స్థానిక పత్రికల్లో ప్రకటించాలి, కాపీ పంచాయతీకి ఇవ్వాలి, అధికారులు దాన్ని వెబ్‌సైట్‌లో పెట్టాలి. వీటిలో ఏది ముందు పూర్తిగా జరిగితే ఆ రోజు నుంచే లెక్క పడుతుంది. మీకు తెలిసిన రోజు నుంచి కాదు. మీ దగ్గర ప్రజాభిప్రాయ సేకరణ జరిగి ఉంటే ఆ తర్వాత వారానికోసారి పర్యావరణ అనుమతుల వివరాలుండే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్లో ఆ ప్రాజెక్టు పేరు వెతకడం ఊళ్లో చదువుకున్న పిల్లలెవరికైనా అప్పగించండి.

కాగితాలు వాళ్ల దగ్గరే ఉన్నాయి, అడిగి తీసుకోండి

ఏ పరిశ్రమకైనా పొల్యూషన్ బోర్డు, అంటే కాలుష్య నియంత్రణ మండలి, ఇచ్చే రెండు పత్రాలు ఉంటాయి. పెట్టడానికి ఇచ్చేది సీఎఫ్‌ఈ, నడపడానికి ఇచ్చేది సీఎఫ్‌వో. ఎంత ఉత్పత్తి చేయొచ్చు, ఎన్ని కిలోలీటర్ల వ్యర్థజలం రావచ్చు, దాన్ని ఎక్కడికి పంపాలి అన్నవి అంకెలతో సహా వాటిలో ఉంటాయి. పర్యావరణ అనుమతి ఉన్న ప్రాజెక్టు అయితే షరతులు ఎలా పాటిస్తున్నదీ ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న నివేదిక ఇవ్వాలి. అది ప్రజలు చూడదగ్గ పత్రం. సొంత నివేదికలోనే కంపెనీ ఒప్పుకున్న లోపాలు దొరికిన సందర్భాలు ఉంటాయి, ఓపిగ్గా చదవండి.

వీటి కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జిల్లా, రాష్ట్ర కార్యాలయాలకైతే 10 రూపాయల రుసుము. 30 రోజుల్లో జవాబు రావాలి. 'కాలుష్యం మీద మీరేం చర్యలు తీసుకున్నారు?' అని అడిగితే రెండు వరుసల జవాబు వస్తుంది. అలా కాకుండా పత్రం పేరు, సంవత్సరం చెప్పి అడగండి: ఫలానా యూనిట్ సీఎఫ్‌వో కాపీ, గత మూడేళ్ల తనిఖీ నివేదికలు, తీసిన నీటి నమూనాల ల్యాబ్ ఫలితాలు, ఇచ్చిన షోకాజ్ నోటీసులు. ఫైలు చూసుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది. కార్యాలయానికి వెళ్లి ఫైలంతా తిరగేస్తే ఏ కాగితం అడగాలో మీకే తెలుస్తుంది. ఒక హెచ్చరిక: సమాచారం కోసం ఎదురుచూస్తూ ఆరు నెలల గడువు పోగొట్టుకోవద్దు. ముందు కేసు వేసి, వచ్చిన కాగితాలు తర్వాత అదనంగా దాఖలు చేయొచ్చు.

నేల మీది సాక్ష్యం

ఫొటో తీస్తే తేదీ, సమయం, అక్షాంశ రేఖాంశాలు పడేలా తీయండి. ఫోన్లో అలాంటి కెమెరా యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. గొట్టం మూతి ఒక్కటే తీస్తే సరిపోదు. గొట్టం, దాని వెనక ఫ్యాక్టరీ గోడ, ముందు వాగు ఒకే ఫ్రేములో వచ్చేలా ఇంకొకటి తీయండి. సర్వే నంబరు పక్కన రాయండి. చెరువు ఆక్రమణ అయితే గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు ఉంటాయి. అలుగు పారిన ఏడాది చిత్రం, మట్టి పోసిన ఏడాది చిత్రం పక్కపక్కన పెడితే వాదన సగం అయిపోయినట్టే. గ్రామ నక్షా, తూము, కాలువ ఎక్కడున్నాయో చూపే పాత రెవెన్యూ రికార్డు దానికి జత చేయండి.

నీళ్ల విషయంలో ఒక సంగతి బాగా అర్థం చేసుకోవాలి. నీటి చట్టం సెక్షన్ 21 ప్రకారం బోర్డు అధికారులు పద్ధతిగా తీసిన నమూనాకే ఆ చట్టం కింద సాక్ష్యం విలువ. మీరు సీసాలో పట్టుకెళ్లి ప్రైవేటు ల్యాబ్‌లో చేయించిన పరీక్షకు ఆ హోదా లేదు. అయినా చేయించండి, గుర్తింపు ఉన్న ల్యాబ్‌లోనే చేయించండి. నీళ్లు పట్టిన చోటు, వేళ, చూసినవాళ్ల సంతకాలు రాసి, ఐస్ పెట్టి అదే రోజు చేర్చండి. ఆ ఫలితం చూపించి 'అధికారికంగా నమూనా తీయించండి' అని అడగడానికి అది పనికొస్తుంది. ట్రిబ్యునల్ సాక్ష్య చట్టానికి కట్టుబడి నడవక్కర్లేదు కాబట్టి మీ అంకెలను పూర్తిగా తోసిపుచ్చదు.

అంకెల పక్కన పరిమితి రాయడం మరవద్దు. వాగులోకి వదిలే వ్యర్థజలానికి సాధారణ ప్రమాణాల్లో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం) 5.5 నుంచి 9 మధ్య ఉండాలి, బీఓడీ (కుళ్లే వ్యర్థాలు లాగేసే ఆక్సిజన్) లీటరుకు 30 మిల్లీగ్రాములు, సీఓడీ (రసాయన వ్యర్థాలతో కలిపి లాగేసే ఆక్సిజన్) 250 మిల్లీగ్రాములు దాటకూడదు. తాగునీటిలో టీడీఎస్ (కరిగి ఉన్న లవణాలు) లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, వేరే దిక్కు లేకపోతే 2,000 వరకు. 'బోరు నీళ్లు ఉప్పగా మారాయి' అని రాస్తే ఊరివాళ్ల బాధ తెలుస్తుంది. దాని పక్కనే టీడీఎస్ అంకె పెడితే బెంచి మీది నిపుణుడు పెన్ను తీస్తాడు.

ఎవరు వేయాలి, ఎవరి మీద వేయాలి

నష్టపోయిన రైతు వేయొచ్చు, ఊరి సంఘం వేయొచ్చు, పంచాయతీ కూడా వేయొచ్చు. ఒక్కరి పేరు మీద వేస్తే ఒత్తిడంతా ఆ ఒక్కరి మీదే పడుతుంది. కొనేస్తారు, లేదా బెదిరిస్తారు. కనీసం నలుగురైదుగురు కలిసి వేయండి, వీలైతే గ్రామసభ తీర్మానం జత చేయండి.

ప్రతివాదుల్లో కాలుష్య నియంత్రణ మండలి, జిల్లా కలెక్టరు, గనులు లేదా నీటిపారుదల లాంటి సంబంధిత శాఖ, అనుమతి ఇచ్చిన సంస్థ ఉంటారు. కంపెనీని మాత్రం తప్పనిసరిగా చేర్చండి. అధికారుల మీద వేస్తే చాలు, కంపెనీ లాయర్ల బెడద ఉండదని కొందరు సలహా ఇస్తారు. వినకండి. ఎదుటి పక్షానికి అవకాశం ఇవ్వకుండా ట్రిబ్యునల్ ఇచ్చిన ఆదేశాలను సుప్రీంకోర్టు పక్కన పెడుతూ వస్తోంది, 2024 జనవరిలో కూడా అలాగే చేసింది. గెలిచిన కేసు మళ్లీ మొదటికొస్తుంది.

పిటిషన్ రాయడం, దాఖలు చేయడం

సాధారణ దరఖాస్తుకైనా అప్పీలుకైనా ఫారం 1, పరిహారానికి ఫారం 2. పరిహారం అడగకపోతే రుసుము 1,000 రూపాయలు. అడిగితే అడిగిన మొత్తంలో ఒక శాతం, కనీసం 1,000. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి మినహాయింపు ఉంది. ఎన్జీటీ ఈ-ఫైలింగ్ పోర్టల్లో ఖాతా తెరిచి దాఖలు చేస్తే ముందు డైరీ నంబరు వస్తుంది. రిజిస్ట్రీ లోపాలు చెబుతుంది, అవి సరిచేశాక ఓ.ఏ. నంబరు, అంటే కేసు నంబరు, పడుతుంది. లోపాలు చెప్పారని కంగారు పడకండి, లాయర్లవి కూడా తిప్పి పంపుతారు. విచారణ వీడియోలో కూడా జరుగుతుంది కాబట్టి ప్రతి వాయిదాకీ చెన్నై రైలెక్కక్కర్లేదు.

వ్యవహారం ఇంగ్లీషులో నడుస్తుంది. తెలుగు పత్రాలకు అనువాదం జత చేయాలి. అర్జీలు, తీర్మానాలు, పత్రికల కత్తిరింపులు అన్నీ అనువదించేసరికి సమయం పడుతుంది, ముందే మొదలుపెట్టండి.

పిటిషన్ ముందు రెండు పేజీల్లో తేదీల వారీ జాబితా పెట్టండి. లోపల ఒకే వివాదం ఉండాలి. ఫ్యాక్టరీ వ్యర్థాలు, ఊరి డంపింగ్ యార్డు, పక్క ఊరి క్వారీ అన్నీ ఒకే పిటిషన్లో కలిపితే నిబంధనలు ఒప్పుకోవు. చివరి అభ్యర్థనలు స్పష్టంగా రాయండి: ఫలానా గొట్టం మూయించాలి, సంయుక్త కమిటీతో తనిఖీ చేయించాలి, ఫలానా చెరువును బాగుచేయించాలి, ఖర్చు కాలుష్యం చేసినవారి నుంచే రాబట్టాలి. కాలుష్యం చేసినవాడే చెల్లించాలన్న సూత్రం సెక్షన్ 20లోనే ఉంది. వెంటనే ఆపాల్సిన పని అయితే మధ్యంతర దరఖాస్తు విడిగా వేయాలి. పరిహారం అడిగేవాళ్లు పంట, పశువులు, వైద్యం, ఉపాధి అని పద్దుల వారీగా విడదీయాలి. గుండుగుత్తగా ఒక కోటి అంటే నిలవదు.

లాయరు లేకుండా సొంతంగా వాదించుకోవచ్చు. అయినా సాధ్యమైతే పెట్టుకోండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు. జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళా సంఘం సభ్యులు పిటిషనర్లుగా ఉంటే ఈ దారి తేలిక.

ఉత్తరం రాస్తే చాలదా అని అడుగుతారు. ట్రిబ్యునల్ తనంతట తాను కేసు తీసుకోవచ్చని, ఉత్తరాల మీద కూడా కదలొచ్చని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో తేల్చింది. 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో స్టైరీన్ విషవాయువు లీకైతే మర్నాడే ఎన్జీటీ స్వయంగా కేసు చేపట్టి 50 కోట్లు జమ చేయమంది. కానీ అది దేశం మొత్తం చూసిన ప్రమాదం. మీ ఊరి వాగు వైపు ఎవరూ చూడరు. ఉత్తరం రాయండి, దాన్నే నమ్ముకుని కూర్చోకండి.

కమిటీ వచ్చే రోజు

నా లెక్కలో కేసు తేలేది ఇక్కడే. ట్రిబ్యునల్ ఎక్కువగా కాలుష్య మండలి, కలెక్టరు ప్రతినిధి, సంబంధిత శాఖల వాళ్లతో సంయుక్త కమిటీ వేస్తుంది. చెన్నైలో కూర్చున్న బెంచి మీ ఊరిని ఆ కమిటీ నివేదికలోంచే చూస్తుంది.

ఆదేశం వెలువడిన రోజే కమిటీ సభ్యులందరికీ ఈమెయిల్‌లోనూ రిజిస్టర్డ్ పోస్టులోనూ రాయండి: తనిఖీ తేదీ మాకు ముందుగా చెప్పాలి, మా సమక్షంలో జరగాలి అని. రాత్రిపూట వదిలే నీళ్లయితే పగలు వచ్చి చూస్తే ఏమీ కనపడదు, ఆ సంగతి కూడా అందులోనే రాయండి. చూడాల్సిన చోట్లు అంకెలు వేసి ఒక పటం గీసి ఇవ్వండి. వచ్చిన రోజు వందమంది గుమిగూడి అరిస్తే వాళ్లు కార్లు దిగరు. విషయం తెలిసిన ఐదుగురు వెంట నడవండి. నమూనా మీరు చెప్పిన చోట తీయమనండి. తీయకపోతే అక్కడికక్కడే కాగితం మీద అభ్యంతరం రాసిచ్చి రసీదు తీసుకోండి. మొత్తం నడకను ఒకరు వీడియో తీయాలి.

నివేదిక వచ్చాక కాపీ తీసుకుని పేరా పేరా చదవండి. 'తనిఖీ సమయంలో యూనిట్ మూసి ఉంది, కాలుష్యం కనపడలేదు' అనే వాక్యం మామూలుగా ఉంటుంది. మూసి ఉన్న రోజు చూస్తే కనపడకపోవడం దేనికీ రుజువు కాదని, ఆ నెల కరెంటు వాడకం, లారీల రాకపోకల రికార్డు తెప్పించమని అభ్యంతరాలు వేయండి. కమిటీ చెప్పిందే చివరిమాట కాదు. తేల్చాల్సిన బాధ్యతను ట్రిబ్యునల్ కమిటీలకు వదిలేయకూడదని సుప్రీంకోర్టు 2022లో స్పష్టంగా చెప్పింది. మీ లాయరుకు ఆ తీర్పు గుర్తుచేయండి.

ఆదేశం చేతికి వచ్చాక

ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. చాలా కేసులు అంతకన్నా ఎక్కువే పడతాయి. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం కేసు 1990లో సుప్రీంకోర్టులో మొదలై, హైకోర్టు మీదుగా చివరికి ఎన్జీటీకి చేరింది. అక్కడి రైతులు తరం మారేదాకా నిలబడ్డారు. మీరూ పిటిషనర్లలో ఇద్దరు యువకులను ఉంచుకోండి.

ఆదేశంలో తప్పు కనిపిస్తే 30 రోజుల్లో రివ్యూ (అదే ట్రిబ్యునల్‌ను మళ్లీ చూడమనడం), 90 రోజుల్లో సుప్రీంకోర్టుకు అప్పీలు. అనుకూలంగా వస్తే ధ్రువీకరించిన కాపీని కలెక్టరుకు, బోర్డుకు, పంచాయతీకి అందజేసి, ఆదేశంలో ఇచ్చిన గడువులను మళ్లీ ఆ నోటు పుస్తకంలో రాయండి. గడువు దాటినా పని జరగకపోతే, ఆదేశాన్ని అమలు చేయించమని ఎగ్జిక్యూషన్ దరఖాస్తు వేయండి. ట్రిబ్యునల్ ఆదేశం సివిల్ కోర్టు డిక్రీలాగే అమలవుతుంది. పాటించనివారికి సెక్షన్ 26 కింద మూడేళ్ల దాకా జైలు, 10 కోట్ల దాకా జరిమానా పడొచ్చు. ఎగ్జిక్యూషన్ దరఖాస్తుతో పాటు ఆ వారం తీసిన కొత్త ఫొటోలు జత చేయండి, మొదటిసారి నిలబడిన చోటనే నిలబడి, అదే కోణంలో తీసినవి.